చక్రాల పంపుసెట్టు

వాదనలో ఓడిపోవడం జోగారావు మాస్టారికి చేతకాదు. పాలిటెక్నిక్‌లో హైడ్రాలిక్స్ పాఠం చెప్పినన్నాళ్లూ ఆ గుణం ఆయనకు పేరే తెచ్చిపెట్టింది. ముందుగా రిటైర్మెంటు తీసుకుని, భార్య హైమావతితో కలిసి తాటిమెట్టలో నిమ్మతోట కొనుక్కుని స్థిరపడ్డాక ఆ గుణానికి పని తగ్గింది. చెట్లు వాదించవు. నోరు ఊళ్లో అందరికీ ఉంది గానీ మాస్టారితో మాటకు దిగే ఓపిక ఎవరికీ లేదు. అలా చాలాకాలం ఊరికే పడివున్న ఆ గుణం ఒక్కసారిగా నిద్రలేచి, ఒక ట్రాక్టరును పంపుసెట్టుగా నిరూపించి, ఆ గెలుపు కింద తోటను దాదాపు పోగొట్టుకునేదాకా ఆయన్ను లాక్కుపోయింది. ఇప్పుడైతే ఈ సంగతి ఆయనే నలుగురినీ కూర్చోబెట్టుకుని నవ్వుతూ చెబుతాడు. జరుగుతున్నప్పుడు మాత్రం నవ్వు రాలేదు.

ఆ ట్రాక్టరు చిన్నది. నిమ్మచెట్ల సందుల్లో ముళ్లు గీరుకోకుండా దూరిపోగలిగినంత చిన్నది. దానికి గేర్లు లేవు. ఇంజను ఒక పంపును తిప్పుతుంది. పంపు నూనెను గొట్టాల్లోకి బలంగా నెడుతుంది. ఆ నూనె తోపుడుకే చక్రాలు తిరుగుతాయి, వెనక గొర్రు లేస్తుంది, దిగుతుంది. మాస్టారు దాన్ని కొన్నదే అందుకు. తోటపనికి ఆగుతుందా అని కొనేరోజున హైమావతి అడిగితే, ఆయన ఆవిడకు పాస్కల్ సూత్రం చెప్పాడు.

ఒక వానాకాలం ఆ ట్రాక్టరు ఇంజను పగిలింది. కొత్త ఇంజను వేయించుకోమని అందరూ చెప్పారు. ఆ రాత్రి మాస్టారు ఫోనులో ఒక వీడియో చూశాడు. ఎవరో ఏ దేశంవాడో ఇలాంటి ట్రాక్టరులోంచే ఇంజను పీకేసి కరెంటు మోటారు పెట్టి, బ్యాటరీతో నడుపుకుంటున్నాడు. తెల్లారేసరికి మాస్టారికి పర్యావరణం మీద విపరీతమైన ప్రేమ పుట్టుకొచ్చింది. డీజిలు వల్ల భూగోళానికి ఏం జరుగుతోందో పాలవాడికి కూడా వివరించాడు. వీడియోలో మనిషి చేయగలిగింది తను చేయలేడా అన్న పంతం సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఆటోలకు బ్యాటరీలు బిగించే ఖాసింను పిలిపించాడు. ఇద్దరూ కలిసి ఇంజను, డీజిలు ట్యాంకు దించేసి, మోటారును తెచ్చి పంపుకు తగిలించారు. ఇంజను బరువు పోయాక ముందుభాగం తేలిపోయి, గొర్రు దించితే ట్రాక్టరు ముందుకాళ్లు ఎత్తిన గుర్రంలా లేచింది. అందుకని బ్యాటరీలన్నీ ముందుకు జరిపారు. మొదటిసారి నడిపినప్పుడు మోటారు తిరగవలసిన వైపుకు కాక రెండోవైపుకు తిరిగింది. మాస్టారు ముందుకు పోనిచ్చాననుకుని, ఊరివాళ్లు చూస్తుండగా, ఠీవిగా వెనక్కి వెళ్లి పేడకుప్పలో ఆగాడు. వైర్లు తారుమారు చేస్తే సరిపోతుందని ఖాసిం చెప్పబోతుంటే, తను కావాలనే వెనక్కి నడిపి పరీక్షించానని మాస్టారు ప్రకటించాడు.

మొత్తానికి బండి నడిచింది. పొగ లేదు, డబడబ లేదు. నూనె పంపు సన్నగా ఈలవేసే చప్పుడు తప్ప ఏమీ వినిపించదు. ట్రాక్టరు వెనకాలే నడుస్తూ ఎండుకొమ్మలు ఏరే హైమావతికి డీజిలు పొగ పడక ఏళ్ల తరబడి దగ్గు. ఆ రోజు సాలు చివరిదాకా నడిచి వచ్చి, “పొగ లేదండి. హాయిగా ఉంది,” అంది. మాస్టారు చేసిన పనుల్లో దేన్నీ ఆవిడ అంత సూటిగా మెచ్చుకున్నది లేదు.

అక్కడితో ఊరుకోవలసింది. మాస్టారు పత్రిక విలేకరిని పిలిచాడు. మర్నాడు జిల్లా పేజీలో బండి మీద కూర్చున్న ఫోటో వచ్చింది. ఛార్జింగు ఎక్కడ పెడతారని విలేకరి అడిగితే, బోరు షెడ్డులో వ్యవసాయానికిచ్చే ఉచిత కరెంటు ఉంది కదా, పైసా ఖర్చు లేదని ఆయన నోటితోనే చెప్పాడు. అదీ అచ్చయింది.

రెండో రోజు కరెంటాఫీసు నుంచి ఏఈ పట్టాభి వచ్చాడు. మనిషి నెమ్మదస్తుడు. చేతిలో ఆ పేపరు ముక్క ఉంది. ఆఫీసులో తయారుచేసుకొచ్చిన వాక్యం ముందుగా చదివాడు. వినియోగదారుడు వ్యవసాయ సర్వీసు నుండి వాహనమునకు విద్యుత్తును మళ్లించుచున్నట్లు పత్రికాముఖముగా తెలియవచ్చినందున విచారణ జరుపుటకై వచ్చినట్టు అందులో ఉంది. అది చదివేశాక మామూలు మనిషిలా మాట్లాడాడు.

“మాస్టారూ, ఉచిత కరెంటు పంపుసెట్లకేనండి. బండికి పెడితే దుర్వినియోగం కిందికొస్తుంది. వేరే సర్వీసుకి అప్లికేషన్ పెట్టుకోండి, వారంలో ఇప్పించేస్తాను. ఈ పేపరు ముక్క నేను చూడలేదనుకుంటాను.”

ఇంతకన్నా మర్యాదగా ఏ ఆఫీసరూ మాట్లాడడు. మాస్టారు సరేనంటే కథ ఆ పూటతో అయిపోయేది. కానీ ‘పంపుసెట్లకే’ అన్న మాట చెవిన పడగానే ఆయన కళ్లలో వెలుగు వచ్చింది. పంపుసెట్టంటే ఏమిటో మీ నిబంధనల్లో రాసి ఉందా అని అడిగాడు. పట్టాభి ఫోనులో వెతికి చదివాడు. పంపుసెట్టు అనగా విద్యుత్ మోటారుచే నడుపబడుచు, వ్యవసాయ నిమిత్తము ద్రవమును ఒకచోటి నుండి వేరొకచోటికి తరలించు యంత్రము.

“నీరు అని ఉందా, ద్రవం అని ఉందా?” అన్నాడు మాస్టారు.

“ద్రవమనే ఉందండి.”

మాస్టారు అరుగు మీంచి లేచి, చేతులు వెనక్కి కట్టుకుని, క్లాసులో నడిచినట్టు అటూ ఇటూ నడిచాడు. ఈ ట్రాక్టరులో మోటారుందా, ఉంది. మోటారు దేన్ని తిప్పుతోంది, పంపును. పంపు దేన్ని తరలిస్తోంది, నూనెను. నూనె ఘనపదార్థమా? కాదు. ఇది దున్నుతున్నది వ్యవసాయ భూమినా, సినిమా హాలునా? మరి ఇది పంపుసెట్టు కాక ఏమవుతుంది?

పట్టాభి చాలాసేపు ట్రాక్టరు చుట్టూ తిరిగాడు. నిజానికి అతనికి ఆ ఏడాది ఎక్కువ పంపుసెట్లు క్రమబద్ధం చేయమని పైనుంచి ఒత్తిడి ఉంది. మెట్టలో కొత్త బోర్లేమో పడడంలేదు. కాసేపటికి అతని ముఖం విచ్చుకుంది. మాస్టారి విశ్లేషణతో శాఖ ఏకీభవిస్తున్నదని చెప్పి, ట్రాక్టరు పక్కమీద తెల్లరంగుతో పంపుసెట్టు నంబరు రాయించి వెళ్లిపోయాడు. హైమావతి గెలిచారా అని అడిగింది. గెలిచానన్నాడు. ఆవిడ లోపలికి వెళ్లింది.

పంపుసెట్టు అయ్యాక పంపుసెట్టుకుండే నియమాలన్నీ దాని వెనకాలే వచ్చాయి. పంపుసెట్టుకు సిమెంటు దిమ్మ ఉండాలి. పైన కప్పు ఉండాలి. తుప్పు పట్టని స్టార్టరు పెట్టె, ఎర్ర అక్షరాల ప్రమాద హెచ్చరిక, కపాలం బొమ్మతో సహా ఉండాలి. పట్టాభి మొహమాటపడుతూనే ఇవన్నీ చెప్పాడు. దిమ్మ మీద బిగిస్తే ట్రాక్టరు ఎలా కదులుతుందని ఖాసిం అడిగాడు. అక్కడ కూడా మాస్టారే అడ్డుపడి, దిమ్మ ఉండాలని నియమంలో ఉంది గానీ అది నేలలో పాతి ఉండాలని లేదని తేల్చాడు. ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు పట్టాభి తలూపాడు. దాంతో ట్రాక్టరు వెనక బల్ల మీద సిమెంటు దిమ్మ పోశారు. దానిమీద నాలుగు గొట్టాలు నిలబెట్టి రేకు కప్పారు. దిమ్మ బరువుకు బ్యాటరీ సగం పొద్దుకే అయిపోయేది. తోటలో కపాలం బొమ్మ పెట్టుకుని, నెత్తిన రేకుతో, ఈలవేసుకుంటూ మెల్లగా పోయే ఆ బండిని చూసి పక్క చేలవాళ్లు పని ఆపేవారు. మాస్టారు మాత్రం నీడ బావుందనేవాడు.

మాఘమాసం వెళ్లాక నీళ్లవాళ్లు వచ్చారు. భూజల దిగుబడి తనిఖీ విభాగం అనే ఆఫీసు ఒకటుంది. కొత్తగా నమోదైన ప్రతి పంపుసెట్టూ ఎంత పోస్తుందో వాళ్లు కొలిచి రాసుకోవాలి. వచ్చిన అధికారి పేరు త్రినాథం. జీపు దిగుతూనే మాస్టారి కాళ్లకు దండం పెట్టాడు. పాలిటెక్నిక్‌లో ఆయన శిష్యుడే. ముందు బెంచీలో కూర్చుని, మాస్టారు దగ్గినా నోట్సులో రాసుకునేవాడని ప్రతీతి. శిష్యుణ్ణి చూడగానే మాస్టారికి ఒళ్లు పొంగింది.

త్రినాథం బకెట్టు, గడియారం తీసి, నీళ్లు ఏ గొట్టంలోంచి పడతాయని అడిగాడు. నీళ్లు పడవని, నూనె లోపలే తిరుగుతుందని మాస్టారు చెప్పాడు. దిగుబడి కొలవకుండా తను వెళ్లడానికి వీల్లేదని త్రినాథం వినయంగా విన్నవించాడు. ఆ పూట మాస్టారు బయటికి పోయి కాఫీ తాగి వచ్చినా సరిపోయేది. కానీ ప్రయోగం చేసి చూపించమని శిష్యుడు అడుగుతుంటే కాదనడం ఏ మాస్టారి వల్ల అవుతుంది? ఆయన తనే స్పానరు పట్టుకుని, నూనె తిరిగొచ్చే గొట్టం ఊడదీసి, మోటారు వేశాడు. బకెట్టులోకి బంగారు రంగు నూనె ధారగా పడింది. అది ఎందుకంత వేగంగా పడుతుందో, గొట్టం సన్నబడితే ఏమవుతుందో, మాస్టారు వివరంగా చెప్పాడు. త్రినాథం అంతా రాసుకున్నాడు. భూమట్టం నుంచి పంపు ఎంత దూరంలో ఉందని చివర్న అడిగి, టేపు పెట్టి కొలిచి, రెండడుగులని రాసుకున్నాడు. నూనెను మళ్లీ ట్రాక్టరులో పోసి గొట్టం బిగించే పనికి ఖాసింను పిలవవలసి వచ్చింది.

త్రినాథం పంపిన నివేదికలో అబద్ధం ఒక్కటీ లేదు. తాటిమెట్ట గ్రామ పరిధిలోని నిమ్మతోటలో పంపుసెట్టును పరీక్షించితిమి. నీరు లేదు. నూనె ధారాళముగా కలదు. భూమట్టమునకు దూరము రెండడుగులు.

ఆ కాగితం ఏ బల్లల మీద తిరిగిందో ఎవరికీ తెలియదు. ఉగాది వెళ్లిన వారానికి తాటిమెట్టలోకి తెల్లకార్లు బారులు తీరి వచ్చాయి. భూగర్భ ఇంధన గవేషణ మండలి అట. మండలికి డైరెక్టరు సర్వోత్తమం గారు. పొడుగాటి మనిషి, చలువ కళ్లద్దాలు, నేల మీద నడుస్తున్నా వేదిక మీద ఉన్నట్టే ఉంటాడు. తోట చుట్టూ ఎర్రజెండాలు పాతించి, తాళ్లు కట్టించి, గేటు దగ్గర ఇద్దరు గార్డులను నిలబెట్టాడు. అప్పుడే గంజి తాగి చేయి కడుక్కుంటున్న జోగారావు మాస్టారి దగ్గరికి వచ్చి ఆ తడిచేతినే పట్టుకుని ఊపాడు.

“ఇది ఇకమీదట మీ తోట మాత్రమే కాదు, జోగారావు గారూ. ఈ జాతి ఇంధన స్వావలంబనకు తొలి వేకువ. ఇంత పైపొరలో చమురు లభ్యం కావడం మా మండలి చరిత్రలో అపూర్వం.”

మాస్టారికి సంగతి అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. అర్థమయ్యాక మొదట నవ్వు వచ్చింది. నవ్వుతూనే మొత్తం చెప్పాడు. డైరెక్టరు గారు సానుభూతితో విన్నాడు. నిక్షేపం బయటపడిన ప్రతిచోటా భూయజమాని ఏమీ లేదనే అంటాడని, అంత గట్టిగా లేదంటున్నారంటే నిల్వ పెద్దదే అయివుంటుందని పక్కనున్నవాళ్లకు చెప్పాడు. నూనె నమూనాను ప్రయోగశాలకు పంపితే అక్కణ్ణుంచి మరీ మంచి వార్త వచ్చింది. ఇంత స్వచ్ఛమైన ముడిచమురు తాము ఎన్నడూ చూడలేదని, శుద్ధి చేయనక్కర్లేకుండా నేరుగా యంత్రాల్లో పోసుకోవచ్చని, నురగ పట్టకుండా చేసే గుణం కూడా అందులో ప్రకృతి సిద్ధంగానే ఉందని వాళ్లు ఆశ్చర్యపోయారు.

ఇక లాభం లేదని మాస్టారు షెడ్డులోంచి ఖాళీ నూనె డబ్బా తెచ్చి డైరెక్టరు ముందు పెట్టాడు. ఇదిగో, ఆ నూనె ఈ డబ్బాలోదే అన్నాడు. డైరెక్టరు కళ్లద్దాలు తీసి డబ్బాను తిప్పి తిప్పి చూశాడు.

“ఈ డబ్బా మీకు ఎక్కడిది?”

“కొట్లో కొన్నానండి.”

“కొట్టువారికి?”

“కంపెనీ నుంచి వస్తుందండి.”

“కంపెనీవారికి?”

“ముడిచమురులోంచి తీస్తారండి.”

“ఆ ముడిచమురు?”

ఈ ప్రశ్నల వరస ఎక్కడికి పోతోందో మాస్టారికి కనిపిస్తూనే ఉంది గానీ తప్పుకునే దారి లేదు. ముప్పై ఏళ్లు పిల్లల్ని తను నడిపించిన దారి అదే. “భూమిలోంచేనండి,” అన్నాడు.

“అంటే ఇది భూమిలోంచి వచ్చిందేనని మీరు అంగీకరించారు,” అని డైరెక్టరు డబ్బాను కూడా సాక్ష్యం కింద కారులో పెట్టించాడు.

అప్పట్నుంచి తోటలో దున్నడం నిషేధం. తవ్వడం నిషేధం. నీళ్లు పెడితే నిక్షేపంలో జలమిశ్రమం జరిగే ప్రమాదం ఉంది కాబట్టి అసలు బోరుకు, డ్రిప్పు గొట్టాలకు సీలు వేశారు. ట్రాక్టరును ‘ప్రథమ చమురు బావి’గా ప్రకటించి షామియానా కింద నిలబెట్టారు. దాని ముందు నిలబడి ఊరివాళ్లు ఫోటోలు దిగారు. మొన్నటిదాకా పలకరించని వాళ్లు కూడా మాస్టారూ, మాస్టారూ అంటూ ఇంటికి వచ్చి, తమ పొలంలో ఎక్కడ తవ్వితే బావుంటుందని అడిగారు. తాటిమెట్టలో అన్ని చేలల్లోనూ రెండడుగుల గోతులు వెలిశాయి. ఎవరికీ ఏమీ పడలేదు. మాస్టారే తన పలుకుబడితో మొత్తం తన తోటలోకి లాక్కున్నాడని కొందరు అనుకున్నారు.

ఎండలు ముదిరాయి. నిమ్మకు గిరాకీ ఉండేది ఆ ఎండల్లోనే. కాయ గోళీల్లా ఉన్న దశలో చెట్టుకు నీళ్లు ఆగిపోయాయి. ఆకు ముడుచుకుంది. గాలి కొడితే పిందెలు టపటపా రాలేవి. హైమావతి బిందెతో తోటలోకి పోతే గార్డు ఆపి, తాగడానికా చెట్లకా అని అడిగేవాడు. తాగడానికే బాబూ అని అతని ఎదుటే రెండు గుక్కలు తాగి, అతను అటు తిరగగానే మిగతాది దగ్గరున్న చెట్టు మొదట్లో ఒంపేది. అలా ఎన్ని చెట్లకని పోస్తుంది? గేటు దగ్గరున్న నాలుగు చెట్లు మాత్రం పచ్చగా ఉండేవి.

మాస్టారు రోజూ మండలి ఆఫీసుకు తిరిగాడు. ప్రతి గదిలోనూ వాదించాడు. ప్రతి గదిలోనూ ఆయన మాటే నెగ్గింది. మీరు చెప్పింది అక్షరాలా నిజమని, అయితే అది తమ గది పరిధిలోకి రాదని చెప్పి అందరూ మర్యాదగా పంపించేవారు.

ఒకరోజు ఆయన తిరిగివచ్చి అరుగు మీద కూలబడితే, హైమావతి కొంగులో ఏవో మూటకట్టుకొచ్చి ఆయన ముందు గుమ్మరించింది. పిందెలు. సగం పచ్చగా, సగం పసుపుగా వాడిపోయి ఉన్నాయి. ఆవిడ కోప్పడలేదు. ఎదురుగా మెట్టు మీద కూర్చుంది.

“మీరు ఏ వాదన గెలిచినా నేనేమీ అనలేదండి,” అంది. “ఈసారికి ఒక్కటి ఓడిపోయి రండి.”

మాస్టారు ఒక పిందెను చేతిలోకి తీసుకుని నలుపుతూ కూర్చున్నాడు. పట్టాభి వారంలో వేరే సర్వీసు ఇప్పిస్తానన్నాడు. దిమ్మ మీద బిగిస్తే బండి ఎలా కదులుతుందని ఖాసిం అడగనే అడిగాడు. గొట్టం ఊడదీసింది తన చేయి. స్పానరు కూడా తనదే. ఈ గోతిలోకి తనను ఎవరూ నెట్టలేదు. మెట్టుమెట్టుకీ ‘అందుచేత’ అంటూ తనే దిగాడు.

మర్నాడు ఆయన పట్టాభి దగ్గరికి వెళ్లి, తను చెప్పింది తప్పని, అది పంపుసెట్టు కాదని ఒప్పుకున్నాడు. ఆ మాట అనడానికి ఆయనకు రెండు గ్లాసుల మంచినీళ్లు అవసరమయ్యాయి. పట్టాభి బాధపడ్డాడు. శాఖ ఒకసారి ఏకీభవించాక విభేదించే వీలు లేదన్నాడు. తర్వాత తలుపు దగ్గరికి వేసి, “పంపుసెట్టు పేరు కొట్టెయ్యడానికి ఒకటే దారండి మాస్టారూ. దిగుబడి లేదని నీళ్లవాళ్లు రాయాలి. ఎండిపోయిందని వాళ్లు రాస్తే నేను పీకేస్తాను,” అన్నాడు.

మళ్లీ తనిఖీ చేయమని మాస్టారు త్రినాథానికి అర్జీ పెట్టుకున్నాడు. ఆ సంగతి తెలిసి డైరెక్టరు సర్వోత్తమం గారు ఎంతో సంతోషించాడు. రెండో పరీక్షలో ధార ఇంకా పెరుగుతుందని ఆయన నమ్మకం. మండలి పెద్దలు కొందరిని కూడా పిలిచాడు. షామియానాకు పూలదండలు కట్టారు. మైకు పెట్టారు. ఊరంతా తాళ్ల బయట నిలబడింది.

మాస్టారు గొట్టం ఊడదీశాడు. మోటారు వేశాడు. నూనె ధారగా పడుతుంటే చప్పట్లు మోగాయి. బకెట్టు నిండింది. ఇంకొకటి పెట్టారు. అదీ నిండవచ్చింది. మూడోదానికి ధార సన్నబడింది. పంపు ఈల ఆగి, దాహానికి గొంతు ఎండినవాడు గుటకలు వేస్తున్నట్టు గరగరమంది. ఇంకొన్ని చుక్కలు పడ్డాయి. తర్వాత ఏమీ పడలేదు. మాస్టారు మోటారు ఆపాడు. త్రినాథం బకెట్టులోకి, గొట్టంలోకి, మళ్లీ బకెట్టులోకి చూసి, ఎండిపోయినది అని పైకి చదువుతూ రాసుకున్నాడు. ఆ మాట మైకులో ఊరందరికీ వినిపించింది.

మండలి పెద్దలు డైరెక్టరు వైపు చూశారు. డైరెక్టరు గారి ముఖంలో రంగు దిగిపోయింది. ఆ ముఖం మాస్టారు గుర్తుపట్టాడు. పేడకుప్పలో ఆగిన రోజున తన ముఖం సరిగ్గా అలాగే ఉండివుంటుంది. ఇప్పుడొక్క మాట అంటే చాలు. నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను కదండీ అంటే చాలు, ఊరంతటి ముందూ పూర్తిగా గెలుస్తాడు. అలా తను గెలిస్తే ఈ మనిషి మళ్లీ గెలిచేదాకా తోటను వదలడని కూడా ఆయనకు తెలుసు. ఆ చోట తనున్నా వదలడు.

తాళ్ల అవతల హైమావతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

“మొత్తం తీసేశారండి,” అన్నాడు మాస్టారు గట్టిగా, మైకుకు అందేలాగా. “చుక్క మిగల్లేదు.”

డైరెక్టరు ఒక్క క్షణం ఆయన వంక తేరిపార చూశాడు. తర్వాత వెన్ను నిటారు చేసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, మైకు అందుకున్నాడు.

“ఒక నిక్షేపాన్ని నూటికి నూరుపాళ్లు వెలికితీయడం ప్రపంచంలో ఎక్కడా సాధ్యపడని విషయం. భూగర్భంలో ఎంతో కొంత మిగిలిపోవడమే ఇప్పటిదాకా ఆనవాయితీ. మన మండలి ఈ రోజు ఆ ఆనవాయితీని చెరిపివేసింది.”

మండలి పెద్దలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మాస్టారికి శాలువా కప్పారు. ఆయన తలవంచి కప్పించుకున్నాడు. సాయంత్రానికల్లా జెండాలు పీకేశారు, తాళ్లు చుట్టేశారు, బోరు సీలు విప్పారు. పట్టాభి మనుషులు వచ్చి ట్రాక్టరు మీది నంబరు చెరిపేసి, దిమ్మను పలుగులతో పగలగొట్టి దించారు. నూనె బకెట్లు మాత్రం జాతి సంపద కాబట్టి కారులో పోయాయి. మండలి ముఖ్య కార్యాలయంలో గాజుపెట్టెలో సీసాలో పోసి పెట్టారట. కింద మాస్టారి పేరు కూడా ఉందని చూసినవాళ్లు చెప్పారు.

ఆ ఏడాది కాపు చాలామటుకు పోయింది. చెట్లు మాత్రం బతికాయి. నీళ్లు తగిలిన కొద్దిరోజులకే కొమ్మల చివర ఎర్రటి చిగురు కనిపించింది. గేటు దగ్గరి నాలుగు చెట్ల కాయలు కోసి హైమావతి గార్డులిద్దరికీ చెరో సంచీ ఇచ్చి పంపింది. పట్టాభి చెప్పినట్టే వారంలో డబ్బు కట్టే సర్వీసు ఇప్పించాడు. ఆ రోజు ప్లగ్గు పెడుతూ, మాటవరసకి, ఇంతకీ దీన్ని ఏమని రాసుకోమంటారు మాస్టారూ అని అడిగాడు. మాస్టారి నాలుక దురద పెట్టింది. మంచి నిర్వచనం ఒకటి, ఉపవాక్యాలతో సహా, నోటిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, “బండండి,” అన్నాడు. మాస్టారు ఇంకా ఏమైనా అంటాడేమోనని పట్టాభి కాసేపు నిలబడి, అలాగే రాసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు మాస్టారు టౌనుకు వెళ్లి కొత్త నూనె తెచ్చి పోశాడు. పొద్దు వాలుతుండగా ట్రాక్టరు మెల్లగా ఈలవేస్తూ సాళ్లలోకి దిగింది. హైమావతి ఎప్పటిలాగే వెనక నడుస్తూ ఎండుకొమ్మలు ఏరింది. సాలు చివర ఆయన బండి ఆపితే, ఆవిడ చక్రం పక్కన ఒంగి గొట్టాల వంక కొంచెంసేపు చూసింది.

“నిజంగానే అడుగుతున్నానండి. ఇంత చక్రాన్ని ఆ కాస్త నూనె ఎలా తిప్పుతుంది?”

మాస్టారు బండి దిగాడు. గేటు వైపు చూశాడు. గట్టు అవతల కూడా ఒకసారి తొంగిచూశాడు. వినేవాళ్లెవరూ లేరని నమ్మకం కుదిరాక, ఆవిడ పక్కన గొంతుక్కూర్చుని, బాగా గొంతు తగ్గించి చెప్పడం మొదలుపెట్టాడు.